నదిలో కలపని ముక్క

జూన్ 3, 2025, మంగళవారం

దీపిక రొమ్ములో గడ్డ ఉందని చెప్పింది. నేను పెసలు చెరుగుతున్నాను. చేట దించకుండానే ఎప్పటి నుంచి అన్నాను. పది రోజులట. దాని అక్క ఝాన్సీ కూడా ఇలాగే వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది.

జూన్ 4

అన్నం సహించలేదు.

జూన్ 6, శుక్రవారం

తండ్రీ కూతురూ విజయనగరం వెళ్ళి వచ్చారు. స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ బయాప్సీ చేయించమందట. సూదితో చిన్న ముక్క తీసి చూస్తేనే అది ఏ గడ్డో తెలుస్తుందట. నేను వద్దన్నాను.

ఎందుకు వద్దన్నానో ఇక్కడ రాస్తాను. చదివేవాళ్ళు లేరు కదా. రెండేళ్ళ కిందట పెద్దదానికీ ఇదే చెప్పారు. పక్కింటి లక్ష్మణమ్మ, సూది తగిల్తే గడ్డ రేగిపోతాదే, సీమల పుట్టలో కర్రెట్టినట్టే, నా మాటిను అంది. విన్నాను. ఐదు నెలలు పసరు కట్టాను. ఝాన్సీ నా మాట కాదనలేదు. అదే దాని తప్పు. ఆ తర్వాత సూది పెట్టారు. క్యాన్సర్ అన్నారు. రేడియేషన్ కరెంటు పెట్టారు. ఏదీ ఆగలేదు. పోయిన జూలైలో వెళ్ళిపోయింది. ఇరవై ఆరేళ్ళు.

సూదే చంపిందని మా పాతపట్నమంతా చెప్పాను. అలా చెప్పుకుంటే కొంచెం నిద్ర పట్టేది.

జూన్ 7

దీపిక సాయంత్రం వచ్చి, అక్కకి సూదితో తీసిన ముక్క ఇంకా విజయనగరం ల్యాబులోనే ఉన్నాదటే, మైనంలో పెట్టి ఏళ్ళ తరబడి దాస్తారట, డాక్టరమ్మ సెప్పింది అంది.

 మహేంద్రతనయ ఏట్లో దాని అస్థికలన్నీ కలిపాం. బూడిదలో వేళ్ళు పెట్టి వెతికి మరీ కలిపాను. మరి ఇదేమిటి? అది అక్కడ ఉండిపోబట్టే చిన్నదానికీ వచ్చింది.

ముందు ఆ ముక్క తెచ్చి ఏట్లో కలుపుదాం, తర్వాతే సూది అన్నాను. మా ఆయన, నీకు మతి పోనాదేటే అన్నారు. దీపిక మాత్రం, సరే, పద అమ్మా, ఇద్దరం వెళ్దాం అంది.

జూన్ 9, సోమవారం, ఉదయం 5

కొత్త స్టీలు డబ్బా, తెల్ల గుడ్డ, పసుపు, కుంకం సంచిలో పెట్టాను. ఆరింటి బస్సు.

అదే రోజు, సాయంత్రం

ల్యాబులో పనిచేసే యమున అనే అమ్మాయి నంబరు చూసి డ్రాయరు లాగింది. అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ బిళ్ళ, దాని మీద తెల్లటి మైనం. లోపల మూడు సన్నటి పోగులు, విరిగిన సేమియాలాగ. ఇదేనమ్మా మీ పాపది అంది. నేను బల్ల మీద గుడ్డ పరిచాను. ఆ అమ్మాయి నవ్వలేదు. సంతకం పెడితే ఇచ్చేస్తానమ్మా, మీ పిల్లది మీదే. కానీ రేపు ఈ చెల్లికి ఏదైనా తేలితే, ఇది మీ వంశంలో వచ్చే రకమా కాదా అని దీన్నే అడుగుతాం. ఏట్లో కలిపేస్తే ఇంకెవర్ని అడగమంటావు, సెప్పు అంది.

సూది వల్లే పాకిందా అని అడిగాను. అది డాక్టరమ్మనే అడుగమ్మా అని పైకి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ ఝాన్సీ ఫైలు తిరగేసింది. సూది పెట్టేనాటికే క్యాన్సర్ చంకలోకి వెళ్ళిపోయింది, సూది దాన్ని చూసిందంతే, తీసుకురాలేదు అంది. ఐదు నెలల గురించి ఏమీ అనలేదు. అనక్కర్లేదు.

డబ్బా ఖాళీగానే తెచ్చాను. బస్సులో దీపిక అందులో పకోడీలు పోసుకుంది. ఒసే, అది దేనికి తెచ్చానో తెలుసా అన్నాను. అక్క ఉంటే సగం తినీసేది అంది.

జూన్ 12, గురువారం

బయాప్సీ అయ్యింది. పరగడుపున తీసుకెళ్తే, దీనికి అక్కర్లేదమ్మా, ఇడ్లీ పెట్టి తీసుకురా అన్నారు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతోందా అని అడిగారు. నన్ను పక్కన కూర్చోనిచ్చారు. ముందు మత్తు సూది. చీమ కుట్టినట్టుందట. తర్వాత స్కానింగ్‌లో చూస్తూ లావు సూది. కాగితాలకు పిన్ను కొట్టినట్టు టక్కుమంది. నాలుగు సార్లు. నాలుగు సార్లూ నేనే ఉలిక్కిపడ్డాను. అమ్మా, సూది నాకెట్టారే, నీకు కాదు అంది దీపిక. పోగులు మందునీళ్ళ సీసాలో వేశారు. పది నిమిషాలు అదిమిపట్టి కట్టు వేశారు. కమిలితే భయపడొద్దు, బరువులెత్తొద్దు, రక్తం ఆగకపోయినా జ్వరం వచ్చినా రండి అన్నారు. రిపోర్టుకు వారం.

ఇంతే. ఇంతేనా అని ఆస్పత్రి బాత్రూంలో ఏడ్చాను. ఇంతదానికి ఐదు నెలలు.

జూన్ 14

లక్ష్మణమ్మ వచ్చింది. అయ్యో, సూదెట్టించీసావేటే అంది. రేపు నీకు గడ్డ వస్తే నిన్నూ నేనే తీసుకెళ్తాను అన్నాను. కాఫీ తాగకుండా వెళ్ళిపోయింది.

జూన్ 17

ఫోను మోగితే చాలు, పొయ్యి మీది కూర వదిలేసి పరుగెత్తుతున్నాను.

జూన్ 19, గురువారం

మామూలు గడ్డేనట. ఆరు నెలలకు మళ్ళీ చూపించమన్నారు. మా ఆయన కొట్టు కట్టేసి స్వీట్లు తెచ్చారు. నేను ఝాన్సీ ఫోటో వైపు చూడలేకపోయాను.

జూలై 10

ఝాన్సీ ఏడాది. అన్నీ కలిపేశారా అమ్మా అని పంతులుగారు అడిగారు. కలిపేశామన్నాను.

మూడు పోగులు మాత్రం దాని చెల్లి కోసం ఉంచాను.