తెలుగులోనే అన్నాడా?

మంగళవారం, అవనిగడ్డ. వాన తెరిపివ్వలేదు.

తుఫాను సెలవు ప్రకటించేలోపే పదో తరగతికి ఇంగ్లీషులో గట్టి మాటల పాఠం అయిపోయింది. యాబ్సల్యూట్, సర్టెన్, డెఫినెట్, కంప్లీట్. ఇవి వాడితే ఇక అనుమానానికి చోటుండదని పిల్లలకు చెప్పాను. నా మొహం, దివిసీమలో కరకట్ట గురించి అలా మాట్లాడేవాళ్లెవరు? ఎలా ఉందని అడిగితే "ఇప్పటికైతే ఉందండీ" అంటారు, అంతే. కట్ట మీద డ్యూటీ చేసే మా ఆయన కూడా ఇన్నేళ్లూ ఆ ముక్కే అన్నారు.

సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. గాలి హోరులో గొంతు సరిగా వినపడలేదు.

"కట్ట యాబ్సల్యూట్‌గా సేఫ్. డెఫినెట్. నువ్వేం కంగారుపడకు" అని పెట్టేశారు.

మావయ్యగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడూ అంతే, "కంప్లీట్‌గా నార్మల్, అమ్మా" అని ఈయన అత్తయ్యకు ఫోన్‌లో చెప్పారు. తెల్లారేసరికి మావయ్యగారు లేరు.

వంటింట్లోంచి అత్తయ్య కేకేశారు. "ఏవన్నాడే వాడు?"

"కట్టకేం ఫర్వాలేదన్నారత్తయ్యా."

"తెలుగులోనే అన్నాడా?"

నేను వంటింట్లోకి వెళ్లాను. ఆవిడ బియ్యం బస్తా ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టమన్నట్టు నా వైపు చూశారు. ఆగుతూ ఆగుతూ ఇద్దరం మేడ మీదికి చేర్చాం.

ఆయన ఫోన్ ఇప్పుడు కలవడం లేదు. బియ్యం మేడెక్కాయి. ఆయన కట్ట మీదే ఉన్నారు.