నా గంటలో బ్లూస్

నవంబర్, గురువారం రాత్రి. స్కార్‌బరో.

కాలేజీ రేడియోలో నాకిచ్చిన గంటలో ఇవాళ నాకిష్టమైన ఒక పెద్దావిడ, బ్లూస్-రాక్ గాయని, కొత్త ఆల్బమ్ వేశాను. ఈసారి ఆవిడ బ్లూస్ ఒక్కటే పాడలేదు: ఒక పాట రెగె బాణీ, ఒకటి కంట్రీ బాణీ, ఒకటి ఉత్త పియానో. ఎలా ఉందో మెసేజ్ పెట్టమని శ్రోతల్ని అడిగింది నేనే.

వచ్చినవి వచ్చినట్టు మైకులో చదివాను. "గిటారేదీ?" అని ఒకాయన. "బ్లూస్ పాడుకోక ఈవిడకి ఇవన్నీ ఎందుకు?" అని ఇంకొకాయన. పియానో పాట వింటూ కారు పక్కకి ఆపేశానని ఒకావిడ రాస్తే అది రెండుసార్లు చదివాను. ఆ ఊపులో తర్వాతిది ముందు చూసుకోకుండానే మొదలుపెట్టాను. "ఆల్బమ్ బాగుంది. ఆ యాస అమ్మాయిని మాత్రం తన దేశం పాటలు వేసుకోమనండి." మధ్యలో ఆపితే రేడియో మూగబోతుంది కదా, నా గురించి రాసిందైనా చివరిదాకా నేనే చదివాను. థాంక్స్ కూడా చెప్పాను.

స్టేషన్ చూసుకునే డయాన్ బయట కాఫీ చేతికిచ్చి, తప్పుగా అనుకోవద్దంటూనే, వచ్చే వారం నుంచి ఇదే గంటలో ఇండియన్ పాటలు వేస్తావా అంది. బ్లూస్ ఇంకెవరికో ఇస్తారట.

ఇంటికొచ్చి చెబితే రూమ్మేట్ సింధు ఎగిరి గంతేసింది.

"మంచిదే కదనే! ఆ ముసలామె ఏడుపు ఎవరు వింటరు? మన పాటలేస్తే మన బ్యాచంతా వింటం."

ఆవిడ రకరకాలుగా పాడితే తప్పు. నేను ఆవిడ పాటలు వేస్తే తప్పు.

సోమవారం చెప్తానన్నాను డయాన్‌కి. నాకు తెలుగు పాటలు పట్టుమని పది కూడా తెలియవంటే డయాన్ నమ్మదు. సింధు నమ్ముతుంది గానీ క్షమించదు.