గొడ్డు అన్న మాట

ఎల్లమ్మా,

ఆరేళ్లుగా నీ మీద నాకు ఒకటే కోపం. ఒక్క మాటకే మూట కట్టుకుని బాచుపల్లిలో మీ అన్న ఇంటికి వెళ్లిపోయావు. నేను పిలవడానికి రాలేదు సరే, నువ్వయినా తిరిగి రాలేదు. అక్కడే జ్వరంతో పోయావు.

నువ్వు పెంచిన పెయ్య మూడేళ్లు దాటినా చూలు కట్టలేదు. "గొడ్డుదాని చేతిల పెరిగితే గొడ్డు గాకేమైతది?" అన్నాను. అదే ఆ మాట.

దాన్ని అమ్మలేదు. నువ్వు కట్టేసిన గుంజకే ఉంది. మొన్న పశువులకు సూదులు వేయడానికి కోస్తా నుంచి వచ్చిన కొత్త డాక్టరు వస్తే చూపించాను.

"ఇది కవలగా పుట్టిందాండీ?" అన్నాడు.

"అవ్ సారూ, కోడెదూడతోని. అది అప్పుడే సచ్చింది."

"అదేనండీ. కడుపులోనే ఆ మగదూడ నెత్తురు దీనికి కలిసింది. గుడ్లు తయారయ్యే చోటు ఎదగలేదు. తప్పు దీనిదీ కాదు, పెంచినవాళ్లదీ కాదు."

"మరి మనుషులల్ల?"

"అది వేరండీ. పుట్టుకతోనే బీజం లేని మగవాళ్లూ ఉంటారు. ఇద్దరినీ చూడాలి."

నువ్వు ఒకసారి "ఇద్దరం దవాఖానకు పోదాం" అన్నావు. "నేను మగోణ్ని, నాకేం రోగం?" అని గద్దించాను. ఒక్కదానివే వెళ్లొచ్చావు. డాక్టరమ్మ ఏమన్నదో నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు.

పెత్రమాసకు, పోయిన పెద్దలను తలుచుకునే ఆ అమావాస్యకు, నీ పేరున బియ్యం ఇస్తాను. ఆ పొద్దులోగా నాకు జవాబు కావాలి. నీలో ఏ లోపమూ లేదని ఆమె చెప్పిందా? చెప్పి ఉంటే, ఊరంతా గొడ్రాలంటుంటే నా పేరు ఎందుకు దాచావు?