ఎనిమిదో నెల రాకముందే

4 మార్చి 1957, కర్నూలు పెద్దాసుపత్రి
మంచం కాళ్ళ వైపు ఇటుకలు పెట్టారు. తల కిందికి, కడుపు పైకి. పోయినసారి కడుపు ఐదో నెలలోనే పోయింది. ఇప్పుడు ఏడో నెల, అప్పుడే నొప్పులు... అవి ఆగడానికి నాకు నూనె మందు సూది. పక్క మంచం ఖాసింబీకి మత్తు సూది. ఆమెకూ ఏడో నెలే. "ఏది ఎక్కువ రోజులు ఆపుతుందో నాకూ తెలీదు, చూద్దాం" అంది డాక్టరమ్మ. అబద్ధం ఆడనందుకు నచ్చింది.

6 మార్చి
నొప్పులు తగ్గాయి. సూది పొడిచిన చోట గడ్డ కట్టింది. ఖాసింబీ పగలంతా నిద్ర. నాకు నిద్రా లేదు, మాట్లాడే మనిషీ లేదు. ఆయన డోన్ స్టేషన్‌లో అన్ని రైళ్ళకూ జెండా ఊపుతారు, ఒక్క రైలెక్కి ఇక్కడికి రావడానికి మాత్రం సెలవు దొరకదు.

7 మార్చి
ఏమీ లేదు. ఫ్యాను కూడా లేదు.

9 మార్చి
అత్త వచ్చింది. జొన్నరొట్టె, చెనక్కాయల పొడి తెచ్చింది. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి — "ఈ సూదులెందుకమ్మీ? ఏడో నెల బిడ్డ బతుకుతాది. ఎనిమిదిలో పుడితే నిలవదు. వచ్చేదాన్ని ఎందుకు పట్టి పెడతాండారు?"
డాక్టరమ్మ విన్నది. "కడుపులో ఉన్న ప్రతి రోజూ బిడ్డకు బలమే..."
ఇద్దరూ నన్నే చూశారు. గోడ వైపు తిరిగాను.

11 మార్చి
ఖాసింబీకి మత్తు ఎక్కింది గానీ నొప్పులు ఆగలేదు. మగపిల్లాడు. మధ్యాహ్నం దాకా ఉన్నాడు. సగం మత్తులోనే నన్ను అడిగింది — "అక్కా, ఏడ్చినాడా?" ఏడ్చాడని చెప్పాను. ఏడవలేదు.

12 మార్చి
పక్క మంచం ఖాళీ. ఇటుకలు తీసి గోడ పక్కన పెట్టారు. "ఖాసింబీ బిడ్డదీ ఏడో నెలే కదత్తా" అన్నాను. "వాళ్ళ రాత వేరేలే..." అని మళ్ళీ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. ఆమెకూ భయమే.

15 మార్చి
రేపు ఎనిమిదో నెల. పొద్దుటి నుంచి నడుము లాగుతోంది. అత్తకు ఒక్కదానికే తెలుసు. "డాక్టరమ్మకు చెప్పొద్దు అమ్మీ, ఈ పొద్దే కాన్పు కానీ." నా ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇన్ని రోజుల్లో నా చెయ్యి పట్టుకున్నది ఆమె ఒక్కతే.
డాక్టరమ్మ వచ్చింది. అటు చివరి మంచం దగ్గర ఉంది. ఇక్కడికి వచ్చి నొప్పులున్నాయా అని అడుగుతుంది... చెబితే అత్త ఈ చెయ్యి వదిలేస్తుంది.