మూడు చిల్లుల డబ్బా

సహం, ఒమన్,
మార్చి 1977

తమ్ముడు ఇస్తారికి,

నేను బాగున్నానని రాయడానికే సిగ్గుగా ఉంది. "ఆయన్ను పెట్టిన కాడి మన్ను పిడికెడు పంపుమనుండ్రి" అని కమలవ్వ వదిన రాయించిన ఉత్తరం ఎప్పుడో అందింది. జవాబు ఎందుకు ఆలస్యమైందో నీకొక్కడికే చెబుతున్నాను.

నిరుడు జ్వరంతో పోయిన మీ అన్న భీమన్నను సముద్రపు ఒడ్డున ఇసుకలో పెట్టినప్పుడు ఇక్కడ కుండ దొరకలేదు. పాలపొడి డబ్బాకు మేకుతో మూడు చిల్లులు పొడిచి, నీళ్లు పోసుకుని, కొడుకు చేయవలసినది నేనే చేశాను. మూడు చుట్లు తిరిగి డబ్బాను తలాపున వదిలేశాను. గుర్తుకు పాతిన కట్టె గాలికి పోయింది. ఇసుక తిన్నెలూ జరిగిపోయాయి.

మా సైట్‌లో ఇంగ్లీషు సారు దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది. నేలలో ఇనుము ఉన్నా, వెండి ఉన్నా కూస్తుంది. పాత నాణేలు వెతకడం ఆయనకు సరదా. నాకూ నేర్పమని అడిగాను. కొడవలి తిప్పినట్టు, నేలకు తగలకుండా నెమ్మదిగా తిప్పాలి. ఆరు శుక్రవారాలు తిరిగాను. ఒడ్డంతా డబ్బాలే. ఒక్కదానికీ చిల్లుల్లేవు. నాకు నాణేల పిచ్చి పట్టిందని సారు నవ్వుతాడు.

మొన్న మళ్లీ కూసింది. చేత్తో తవ్వితే పాలపొడి డబ్బా అంచు తగిలింది. పైకి తీయబోయి ఆగిపోయాను. ఇసుక కప్పి, రాళ్లు పేర్చాను.

అక్కడి పిడికెడు ఇసుక, సెలవు మీద వస్తున్న ఖమరుద్దీన్ భాయ్ చేతికి ఇచ్చాను. భీమన్న దొరికాడని వదినకు చెప్పు. డబ్బా తీసి చూడలేదని మాత్రం చెప్పకు.

మీ అన్నతో ఒకే రూమ్‌లో ఉన్నవాడు