మూడో ఏడు దాటకముందే

జగిత్యాల, ఆదివారం

కళ్యాణక్కా, నేను బాగానే ఉన్నా, నిద్రే తక్కువైంది. ఫోన్ పట్టుకుంటే మన మాట పూర్తి కాకముందే రిటర్ను నింపించుకునేవాళ్లు ఎవరో ఒకరు ఓటీపీ చెప్పడానికి మధ్యలో వస్తున్నారు. అందుకే కార్డు రాస్తున్నా.

ఇన్‌కం టాక్స్ రిటర్నులకు ఆఖరి తారీఖు మళ్లీ పెంచారు. నిన్న కోరుట్లలో చెప్పుల దుకాణం నడిపే అన్వర్ భాయ్ రిటర్ను సగం నింపాను. పోర్టల్ గిర్రున తిరుగుతుండగా ఆయన ఫోన్‌లో ఆ వార్త చూసి, కాగితాలన్నీ సంచిలో వేసుకున్నాడు. “ఇంక తొందరేంది సార్, పండుగ అయినంక వస్త” అని వెళ్లిపోయాడు. ఒళ్లు మండింది. ఆఖరి రోజు అందరూ ఒకేసారి మీద పడితే పోర్టల్ కదలదు, తిట్లు మాత్రం నాకు.

తర్వాత నువ్వు గుర్తొచ్చావు. చిన్నోడి పుట్టువెంట్రుకలకు మేనమామే కత్తెర పెట్టాలని నువ్వు రెండుసార్లు మంచిరోజు చూసుకుంటే, రెండుసార్లూ “పని ఒడిసినంక వస్త అక్కా” అన్నది నేనే. ఈ నెలతో వాడికి మూడో ఏడు నిండుతుంది. అది దాటితే ఐదో ఏడు దాకా ఆగాలి. ఆ తారీఖును ఏ సర్కారూ పెంచదు.

వచ్చే మంగళవారం కాదు, ఆపై మంగళవారం ఆఫీసుకు తాళం వేసి మల్యాల బస్సెక్కుతాను. మీరు సిరిసిల్ల నుంచి నేరుగా కొండగట్టు అంజన్న గుడికి రండి. కత్తెర నేను తెస్తా. బావ మరమగ్గాలు నడుస్తున్నాయా? రిటర్ను కోసం ఆయన బ్యాంకు కాగితాలు కూడా తెమ్మను, ఆయనా ఆఖరి రోజు మనిషే. అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? చిన్నోడికి ముద్దులు.

ముందురోజు నేను ఫోన్ చేసి ఇంకొక్క వారం అడిగితే, నువ్వు మాత్రం పెంచకు.

తమ్ముడు గంగాధర్