ఎర్రపళ్ల చుంచు

బుడాపెస్ట్, మార్చి 4, 1974

ప్రియమైన నాన్నా,

కాలికి ఇంకా రెండు నెలలు పిండికట్టు ఉండాలట. ఈలోగా నువ్వు పనిచేసిన క్వారీలో ఎర్రమట్టి నిండిన ఆ రాతి చీలికను పేల్చేస్తారని తెలిసింది. నా మూడేళ్ల పరిశోధన అక్కడిదే. లక్షల ఏళ్ల కిందట మన కొండ మీద తడి అడవి, అందులో దంతాల కొనలు ఎర్రగా ఉండే చుంచెలుకలు, అవే ఎర్రపళ్ల చుంచులు, ఉండేవి. వానలు తగ్గాక అవి వెళ్లిపోయాయి, మళ్లీ రాలేదు అని రాశాను. పై పొరలు చూడకుండా ఎలా అంటావని మా ప్రొఫెసర్ అడుగుతున్నారు. అడుగున, మధ్యన, పైన ఒక్కో సంచీ మట్టి తీసి, జల్లించి, దొరికిన చుంచుల పళ్లు పంపుతావా? అమ్మ పోయాక నువ్వు గడప దాటడం లేదని తెలుసు. అయినా అడుగుతున్నాను.

నీ హయ్నల్కా

విల్లాన్, మార్చి 12

ప్రియమైన అమ్మాయీ,

వెళ్లాను. "ముప్ఫై ఏళ్లు రాయి కొట్టింది చాలదా బెనెడెక్, ఇప్పుడు మట్టి మోస్తున్నావా?" అన్నాడు మేస్త్రీ. "రాయి మీకోసం కొట్టాను, మట్టి మా అమ్మాయికి," అన్నాను.

నువ్వుగింజంత పన్ను నా కళ్లకేం కనబడుతుంది? నీకు లెక్కలు చెప్పిన ఎతెల్కా టీచరు భూతద్దం తెచ్చింది. నా జల్లెడ చూసి, "దీంట్లోంచి పన్నేమిటి, చుంచే దూరిపోతుంది," అని జల్లెడకు బిగించడానికి తన కొత్త పరదా కత్తిరించేసింది.

మీ నాన్న

బుడాపెస్ట్, ఏప్రిల్ 6

నాన్నా,

మూడు వారాలుగా ఉత్తరం లేదు. ఫోన్ చేస్తే పక్కింటివాళ్లు "మీ నాన్న ఇంట్లో ఎక్కడుంటున్నాడు?" అని నవ్వారు. ఒంట్లో బాగుందా? పళ్లు దొరక్కపోతే పోనీ.

హయ్నల్కా

విల్లాన్, ఏప్రిల్ 10

ప్రియమైన అమ్మాయీ,

దొరికాయి. అందుకే రాయలేకపోయాను. అడుగున ఎర్రపళ్లు. మధ్యన అన్నీ తెల్లవి, పొడినేల చుంచులవి. పైన మళ్లీ ఎర్రవి. నువ్వు రాసింది తప్పని చెప్పడానికి చెయ్యి రాలేదు. సంచులు కలిసిపోయాయేమోనని మళ్లీ మట్టి తెచ్చి కడిగాం. అదే తేలింది. "దాచితే అమ్మాయికి అన్యాయం చేసినట్టే," అంది ఎతెల్కా. అగ్గిపెట్టెల్లో పంపుతున్నాం.

ఇంకొకటి. ఆవిడా నేనూ జూన్‌లో పెళ్లి చేసుకుందామనుకుంటున్నాం. నువ్వు సరేనంటేనే.

మీ నాన్న

బుడాపెస్ట్, ఏప్రిల్ 17

ప్రియమైన నాన్నకూ, టీచరుగారికీ,

ప్రొఫెసర్ గంటసేపు మైక్రోస్కోపు వదల్లేదు. "నువ్వు రాసింది తప్పు. ఇది మాత్రం ఎవరూ చూడనిది," అన్నారు. వానలు తగ్గితే చుంచులు అడవి వెంట ఉత్తరానికి వెళ్లాయి, వానలు తిరిగొస్తే అవీ వచ్చాయి. మూడేళ్ల రాత చించేసి కొత్తగా మొదలుపెట్టాను. ఇంత హాయిగా ఎప్పుడూ రాయలేదు.

వ్యాసం మీద మీ ఇద్దరి పేర్లూ వేస్తున్నాం. జూన్‌లోనే అచ్చు. టీచరుగారికి పాత ఇంటిపేరు వేయనా, మనదా? త్వరగా చెప్పండి.

మీ హయ్నల్కా